ఇంటర్ తర్వాత అమెరికా కాలేజీ టెన్నిసా, నేరుగా ప్రో సర్క్యూటా?

భీమవరం_బాబాయ్:
మా అన్నయ్య కొడుకు ఇంటర్ సెకండియర్. జూనియర్ టోర్నమెంట్లలో బాగా ఆడుతున్నాడు. కోచ్ గారు అమెరికా కాలేజీకి పంపమంటున్నారు. అన్నయ్యేమో చదువులో పడితే ఆట పోతుంది, రొయ్యల చెరువు మీద అప్పు తెచ్చైనా ప్రో (ప్రొఫెషనల్) టోర్నమెంట్లకి తిప్పుతానంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారండీ?

కాకినాడ_టాప్‌స్పిన్:
కాలేజీకే పంపండి బాబాయ్ గారూ. మన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీకి ఆడి 2007, 2008లో వరుసగా ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) సింగిల్స్ టైటిల్ కొట్టాడు. 2007 ఫైనల్లో ఓడించింది అమెరికా ఆటగాడు జాన్ ఇస్నర్‌ని! 2008 సీజన్లో 44 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడాడు. తర్వాతి జనవరిలోనే వైల్డ్‌కార్డ్‌తో (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులిచ్చే ప్రవేశం) చెన్నై ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లాడు. 2010లో కామన్వెల్త్, ఆసియా క్రీడలు రెండింట్లోనూ సింగిల్స్ స్వర్ణం. ఆట పోయినవాడు ఇవన్నీ గెలుస్తాడా?

మన దగ్గర కుర్రాడికి దొరికేదేంటో కూడా చూడండి. వానాకాలం వస్తే మట్టి కోర్టు మీద నీళ్లు నిలుస్తాయి. అవి తోడి, ఆరనిచ్చి, రోలర్ లాగి, సున్నంతో గీతలు మళ్లీ గీసేసరికి ఇంకో వాన. అంతకంటే పెద్ద లోటు, ఎదురుగా నిలబడి ఆడేవాడు లేకపోవడం. అమెరికా కాలేజీల్లో టీమ్ మ్యాచ్ అంటే ఆరు సింగిల్స్, మూడు డబుల్స్. జట్టులో చోటు కోసమే రోజూ పోటీ పడాలి.

తణుకు_బేస్‌లైన్:
సగం లెక్కే చెప్పారండీ. సోమ్‌దేవ్ ప్రోగా మారేసరికి 23 ఏళ్లు. 2011లో 62వ ర్యాంకు, అదే అత్యుత్తమం. 2012లో భుజం గాయం. ఎక్కువ కాలం నిలకడగా ఆడే అవకాశమే రాలేదు. కాలేజీకి వెళ్లకుండా నేరుగా ప్రో అయిన స్పెయిన్ ఆటగాడు అల్కరాజ్ 19 ఏళ్లకే ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు.

కాకినాడ_టాప్‌స్పిన్:
గాయం కాలేజీ వల్ల వచ్చిందంటే నేనొప్పుకోను. ఇస్నర్ కూడా జార్జియా యూనివర్సిటీలో నాలుగేళ్లూ ఆడే వచ్చాడు, ఎనిమిదో ర్యాంకు దాకా వెళ్లాడు. పైగా నాలుగేళ్లూ ఉండాలని లేదు. అమెరికా కుర్రాడు బెన్ షెల్టన్ 2022లో ఎన్‌సీఏఏ గెలిచి చదువు మధ్యలోనే ప్రో అయ్యాడు, 2023లో యూఎస్ ఓపెన్ సెమీస్ ఆడాడు. మన సాకేత్ మైనేనిది విజయవాడ, పెరిగింది వైజాగ్‌లో. అమెరికాలో అలబామా యూనివర్సిటీలో చదివి, 2014 ఆసియా క్రీడల్లో సానియాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు.

అప్పు విషయానికొస్తే, ప్రోల్లో అట్టడుగు స్థాయి అయిన ఎం15 టోర్నమెంట్లో మొత్తం ప్రైజ్ మనీయే 15 వేల డాలర్లు. అది అందరికీ పంచాలి. మొదటి రౌండ్లో ఓడితే టికెట్ ఖర్చు కూడా రాదు. వారం వారం ఇలా తిరిగితే చెరువు మిగలదు.

అమలాపురం_అక్క:
స్కాలర్‌షిప్ సంగతి ఎవరూ చెప్పలేదు. 2025 దాకా డివిజన్ వన్‌లో (కాలేజీ ఆటల్లో పై స్థాయి) అబ్బాయిల జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే, అమ్మాయిలకి ఎనిమిది. అందుకే అబ్బాయిలకి చాలామందికి సగమో పావో వచ్చేది. ఇప్పుడు రూలు మారినా, ప్రతి కాలేజీ పూర్తిగా ఇస్తుందనుకోవద్దు. కుర్రాడి యూటీఆర్ రేటింగ్ (మ్యాచ్ ఫలితాలతో ఆట స్థాయి చెప్పే అంకె), మ్యాచ్ వీడియో అక్కడి కాలేజీ కోచ్‌లకి పంపండి. ఎంత శాతం ఇస్తారో, ఏటా రెన్యూవల్ ఉందో లేదో మెయిల్లో రాసివ్వమని అడగండి.

తణుకు_బేస్‌లైన్:
పూర్తి స్కాలర్‌షిప్ వస్తే నాకూ అభ్యంతరం లేదు. సగమే వస్తే మాత్రం ఆ అప్పు అక్కడా చేయాల్సిందే కదండీ బాబాయ్ గారూ.