లైఫ్ డిజైన్ క్లాసుకు పోవాలా, గ్రూప్-2 చదువుకోవాలా?

అడిగినది: అనంతపురం_అబ్బాయి
అన్నలకు నమస్తే. నేను బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. మాకు ఐదెకరాల చేను, వానొస్తేనే శెనక్కాయ. ఈసారి మా కాలేజీలో శనివారం పూట లైఫ్ డిజైన్ అని క్లాసు పెట్టారు. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్‌లో బిల్ బర్నెట్, డేవ్ ఎవాన్స్ మొదలుపెట్టిన కోర్సును చూసి తయారు చేశారంట. వచ్చే ఐదేళ్లకు మూడు ప్లాన్లు గీసుకురమ్మన్నారు. ఒక్కదానికే దిక్కు లేదు, మూడు యాడ నుంచి తేవాలి? నాన్నేమో గ్రూప్-2 కోచింగ్‌కు పొమ్మంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

టవర్‌క్లాక్_దగ్గర:
పోవద్దు తమ్ముడూ. మాకూ పెట్టారు. చార్టులు, స్కెచ్ పెన్నులు, ఆఖర్న గ్రూప్ ఫొటో. అంతే.

ఎర్రమట్టి:
చెప్పేవాళ్లను బట్టి ఉంటుందిలే. నేను మూడేళ్ల కిందట చేశా. మొదటి ప్లాన్ నువ్వు ఇప్పుడు అనుకుంటున్నదే. ఆ దారి రేపు మూసుకుపోతే ఏం చేస్తావనేది రెండోది. డబ్బు సంగతి, నలుగురు నవ్వే సంగతి పక్కన పెడితే ఏం చేస్తావనేది మూడోది. నాకు మొదటిది బ్యాంకు పరీక్షలు, రెండోది బీఈడీ. మూడోది ఎంతకూ తట్టక, మట్టి పరీక్షలు అని రాసేశా.

గీయడం కాదు, అసలు పని తర్వాత ఉంది. ఆ పని చేసేవాళ్లను కలిసి వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడగాలి. ఉద్యోగం మాత్రం అడగొద్దు. వీలైతే నాలుగు రోజులు చేసి చూడాలి. నేను ఒక ల్యాబ్‌లో మట్టి ఆరబెట్టి, దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టా. ముక్కు నిండా దుమ్ము. అయినా సాయంత్రం ఎప్పుడైందో తెలీలేదు. బ్యాంకు పుస్తకం పట్టుకుంటే పది నిమిషాలకే నిద్ర. ఏ పనికి హుషారొచ్చింది, ఏ పనికి నీరసమొచ్చిందని రోజూ డైరీ రాయిస్తారు, దాంట్లో ఇదంతా బయటపడింది. ఇప్పుడు ల్యాబ్‌లోనే ఉన్నా. జీతం అడగొద్దు!

గ్రూప్-2 మానమనట్లేదు. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందనేది మన వాన లాంటిది, నీ చేతిలో లేదు. ఇట్లాంటివాటిని ఆ క్లాసులో గ్రావిటీ ప్రాబ్లమ్ అంటారు. దాంతో కొట్లాడకుండా, అది ఉందనుకునే ప్లాన్ వేసుకోవాలి.

అనంతపురం_అబ్బాయి:
రెండోది ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ అని రాశా అన్నా. మా ఊరాయన ఒకరు హైదరాబాద్‌లో అదే పని, నైట్ షిఫ్ట్. ఆదివారం మాట్లాడతానన్నాడు. మూడోది రాసి కొట్టేశా.

ఎర్రమట్టి:
ఏం రాసినావు?

అనంతపురం_అబ్బాయి:
శెనక్కాయ నూనె గానుగ. చార్టు ఇంట్లోనే ఉంది, నాన్న చూస్తాడని.