పికప్ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్: స్క్రాప్‌దా, కొత్తగా చేయించాలా?

అందరికీ నమస్కారం. మాది పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. పాడేరు నుంచి విశాఖకు కాఫీ, మిరియాల బస్తాలు దించుతుంటాం. ఈమధ్య క్లచ్ వదలగానే కింద 'టక్'మంటోంది, అరవై దాటితే సీటు కింద వణుకు. చూస్తే వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ (జాయింట్‌లోని ప్లస్ ఆకారపు ముక్క) చేత్తో తిప్పినా ఆడుతోంది, దాని బేరింగ్ కప్పు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. క్రాస్ ఒక్కటే మారుద్దామంటే, దాన్ని పట్టుకునే యోక్ (షాఫ్ట్ చివర ఫోర్కు లాంటి భాగం) కన్నాలు అరిగి కొత్త కప్పు వదులుగా కూర్చుంటోంది. షాఫ్ట్ మార్చక తప్పదు.

గాజువాక ఆటోనగర్‌లో స్క్రాప్ షాఫ్ట్ ఒకటి చూపించారు. చవకే, కానీ టూ వీల్ డ్రైవ్ బండిది. మాకు మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఉంది కాబట్టి అంత పొడవు పట్టదు. కోసి వెల్డింగ్ చేస్తారట. బ్యాలెన్సింగ్ (తిరిగేటప్పుడు వణక్కుండా బరువు సరిచేయడం) మాటెత్తితే నవ్వుతున్నారు! అందుకే కొలతలిచ్చి కొత్తది చేయించాలనుకుంటున్నా.

చక్రాలు నేల మీద ఉండగానే కొలవాలని తెలుసు. కానీ వెనక కమాన్ పట్టీలు అదనంగా వేయించాం. ఖాళీ బండికి కొలవాలా, లోడుతోనా? పట్టీలు అణిగినప్పుడు తగలకుండా స్లిప్ జాయింట్‌లో (షాఫ్ట్ పొడవు మారేలా లోపలికీ బయటికీ జారే భాగం) ఎంత ఖాళీ వదలాలి? రెండు చివరల యోక్‌లు ఒకే వరసలో ఉన్నాయో లేదో బిగించే ముందు ఎలా చూసుకుంటారు?

ఇంకోటి. కొత్తది వచ్చేదాకా వెనక షాఫ్ట్ విప్పేసి, ముందు చక్రాల మీదే నడుపుకోమని మా డ్రైవర్ అంటున్నాడు. ఊళ్లో సరే, లోడుతో ఘాట్ రోడ్డు మీద నాకైతే ధైర్యం చాలట్లేదు. అలా నడిపినవాళ్లెవరైనా ఉన్నారా? విశాఖలో షాఫ్ట్ బ్యాలెన్సింగ్ మెషిన్ ఎక్కడుందో తెలిసినా చెప్పండి.