అప్‌డేట్: గాల్జిలో జీడీపీని విడగొట్టే ఎంజైము ఎందుకు?

ఈస్టు కణంలో ప్రోటీన్లకు చక్కెరలు అతికించే గాల్జి సంచుల్లో జీడీపీని (గ్వానోసిన్ డైఫాస్ఫేట్, రెండు ఫాస్ఫేట్లున్న చిన్న అణువు) విడగొట్టే ఎంజైము ఉండటం శక్తిని వృథా చేయడం కాదా అని పోయిన వారం అడిగింది నేనే. మీ సమాధానాలు చదివాక, గుంటూరులో మా ఎమ్మెస్సీ విద్యార్థులకు చెప్పబోయే పాఠం కోసం చక్కెర లోపలికి వచ్చి ప్రోటీనుకు చేరే దారినంతా మళ్లీ గీసి చూసుకున్నాను. జీడీపీ-మానోజ్ (మానోజ్ అనే చక్కెరను మోసే జీడీపీ) తన చక్కెరను ప్రోటీనుకు ఇచ్చాక మిగిలే జీడీపీ అక్కడే పేరుకుంటే, చక్కెరను అతికించే ఎంజైములకే అడ్డుపడుతుంది. అది ఒక ఫాస్ఫేట్ పోయి జీఎంపీగా మారితేనే గాల్జి పొరలోని వాహక ప్రోటీను దాన్ని బయటి సైటోసోల్‌లోకి (కణంలోని ద్రవంలోకి) పంపి, బదులుగా కొత్త జీడీపీ-మానోజ్‌ను లోపలికి తెస్తుంది, ఖాళీ సిలిండరు ఇస్తేనే నిండుది దొరికినట్టు. ఈస్టులో ఈ ఎంజైమును తయారుచేసే జీడీఏ1 జన్యువును తొలగిస్తే మానోజ్ గొలుసులు పొట్టిబడేది ఇందుకే. మన కణాల్లో ప్రోటీన్లు తయారయ్యే ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోనూ ఇలాంటి పనే, అంటే జీడీపీ లాంటిదే అయిన యూడీపీని (యూరిడిన్ డైఫాస్ఫేట్) యూఎంపీగా మార్చే పని, ఈఎన్‌టీపీడీ5 అనే ఎంజైము చేస్తుందని తెలిసి ఎంతో సంతోషించాను. నా పాత బొమ్మలో గాల్జి నుంచి బయటికి పోయే బాణం పక్కన జీడీపీ అని ఉంది. దాన్ని కొట్టేసి జీఎంపీ అని దిద్దాను.