మూడు బంతుల స్పైరోమీటర్‌తో నాన్నగారి ఆయాసం తగ్గుతుందా?

ప్రశ్న: మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. నాన్నగారికి 68 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు) ఉంది. ఇన్‌హేలర్లు మానకుండా వాడుతున్నారు. ఒంగోలు నుంచి మా దగ్గరికి వచ్చాక రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో నిలబడిపోతున్నారు. ఎదురింటివాళ్లు తమ ఆపరేషనప్పుడు వాడిన మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చారు. మూడూ పైకి లేవాల్సిందేనని పట్టుబట్టి పీలుస్తున్నారు. ఊపిరి కండరాలకు వ్యాయామం అంటే ఇదేనా?

జవాబు: ఫిజియోథెరపిస్టుని, ఇక్కడే పనిచేస్తాను. ముందు ఆ పరికరం పక్కన పెట్టించండి. ఒకరు నోట్లో పెట్టుకున్నది ఇంకొకరు వాడకూడదు, అందులోనూ ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు.

పైగా అది ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులు బాగా విచ్చుకోవడానికి ఇచ్చేది. కండరానికి బలం రావాలంటే బరువు కావాలి. దానికోసం స్ప్రింగు వాల్వు ఉన్న పరికరం వేరే ఉంటుంది. పెట్టిన ఒత్తిడికి సరిపడా గట్టిగా పీలిస్తేనే వాల్వు తెరుచుకుంటుంది, లేకపోతే గాలి రాదు. సీఓపీడీలో గాలి లోపలే చిక్కుకుపోయి, ఊపిరి పీల్చడానికి ముఖ్యమైన కండరం డయాఫ్రమ్‌ని కిందికి నొక్కేస్తుంది. గుమ్మటంలా ఉండాల్సింది చదునవుతుంది, ఇక దాని లాగే శక్తి తగ్గుతుంది.

మొదట ఆయన ఎంత బలంగా పీల్చగలరో కొలుస్తాం. 60 సెంటీమీటర్ల నీటి పీడనం వచ్చిందనుకోండి, అందులో 30 శాతం, అంటే 18 దగ్గర మొదలుపెట్టిస్తాం. ముక్కుకు క్లిప్పు పెట్టి, పూటకు 30 శ్వాసలు, రోజుకు రెండు పూటలు చేయించడం మామూలు. అలవాటయ్యేకొద్దీ ఒత్తిడి పెంచుతాం. హడావుడిగా పీలిస్తే తల తిరుగుతుంది.

ప్రశ్న: అయితే ఆన్‌లైన్‌లో తెప్పించేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ఆయాసం కొత్తగా పెరిగిందంటున్నారు కదా, ముందు డాక్టరుకి చూపించండి. ఇన్ఫెక్షన్ కావచ్చు, గుండె కావచ్చు. ఇన్‌హేలర్ సరిగ్గా పీలుస్తున్నారో లేదో కూడా డాక్టరు ఎదురుగానే చేయించి చూపించండి, చాలామంది తడబడేది అక్కడే. ఈమధ్య ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా, స్కానులో పెద్ద గాలి బుడగలు కనిపించినా, కర్ణభేరికి చిల్లు పడినా ఈ వ్యాయామం చేయించం. ప్రభుత్వ ఆసుపత్రి కావాలంటే సోమేశ్వరనగర్‌లో రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ ఉంది.

నా మాటగా ఒకటి చెప్తాను. డబ్బు, ఓపిక ఏదో ఒకదానికే ఉంటే పల్మనరీ రీహాబ్‌కి, అంటే ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు చేయించే వ్యాయామ శిక్షణకి, పెట్టండి. నడక, కాళ్ల వ్యాయామం అన్నీ అందులో ఉంటాయి. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2023లో ఇచ్చిన సమీక్ష ప్రకారం, రీహాబ్ చేస్తున్నవాళ్లకు ఈ పరికరం జోడించినా ఆయాసంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రీహాబ్‌కి వెళ్లలేనివాళ్లకు మాత్రం ఒక్క ఈ వ్యాయామం వల్ల కూడా కొంత మేలు కనిపించింది.

ఈలోగా మెట్ల దగ్గర ఇలా చేయించండి. కదలకముందు ముక్కుతో గాలి పీల్చుకోవాలి. ఈల వేసేటట్టు పెదాలు పెట్టి, మెల్లగా వదులుతూ మెట్టెక్కాలి. ఊపిరి బిగబట్టి ఎక్కకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.