నికోటిన్ ఇస్తే మెదడు కణాలు గ్లూకోజ్ ఎక్కువ వాడతాయా, తక్కువా?

బ్రాడీపేట ఫార్మా:
గుంటూరులో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు అండీ. ఎలుకల్లో నికోటిన్ గ్లూకోజ్ వాడకాన్ని పెంచిందంటారు, మనుషుల పెట్ స్కాన్లలో (మెదడు గ్లూకోజ్ వాడకాన్ని చూపే స్కాన్లు) తగ్గించిందంటారు. ఏది రాయాలి? ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే, మనిషి నాడీ కణితి నుంచి పెంచే కణాలకు 100 మైక్రోమోలార్ నికోటిన్ ఇచ్చి 24 గంటల తర్వాత ఎంటీటీ (కణాల చురుకును రంగుతో చూపే పరీక్ష) చేద్దామనుకుంటున్నాం. సరిపోతుందా?

బెంజిసర్కిల్ బయోకెమ్:
రెండూ రాయండి, కానీ విడివిడిగా. నికోటిన్ రిసెప్టర్ (కణంపై నికోటిన్ అంటుకునే ద్వారం) తెరుచుకుంటే సోడియం, కాల్షియం లోపలికొస్తాయి. 3 సోడియం అయాన్లను బయటికి తోయడానికి పంపుకి ఒక ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) ఖర్చు. అందుకే రిసెప్టర్లు దట్టంగా ఉన్న హాబెన్యులా, థాలమస్ అనే మెదడు భాగాల్లో వాడకం పెరుగుతుంది. అదే నికోటిన్ గాబా అనే రసాయనం వదిలే కణాలనూ లేపుతుంది, అవి పక్క కణాలను అణుస్తాయి. పైగా మందు అలాగే ఉంటే రిసెప్టర్లు మొద్దుబారతాయి. మొత్తం లెక్క తగ్గడానికి ఇవి కారణం కావచ్చు. పొగతాగేవాళ్ల ఫలితాలను మాత్రం ఇందులో కలపకండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది.

కల్చర్ రూమ్:
100 చాలా ఎక్కువండీ. పొగతాగేవాళ్ల రక్తంలో ఉండేది మిల్లీలీటరుకు సుమారు 10–50 నానోగ్రాములు. 50 అంటే 0.3 మైక్రోమోలారే. 0.1, 1, 10 పెట్టుకోండి. ఈ కణాల్లో సహజంగా ఉండే నికోటిన్ రిసెప్టర్లు ఆల్ఫా3, ఆల్ఫా7 రకాలు. మెదడులో ముఖ్యమైన ఆల్ఫా4బీటా2 గురించి వీటితో ఏమీ తేల్చలేరు.

ఎంటీటీ ఒక్కటే చాలదు. అది కణం రంగును క్షయకరణం చేసే శక్తిని చూపుతుందే తప్ప గ్లూకోజ్ ఎంత తిన్నదో చెప్పదు. మీడియాలో (కణాలు పెరిగే ద్రవంలో) మిగిలిన గ్లూకోజ్‌ని జీఓడీ-పీఓడీ (గ్లూకోజ్ కొలిచే ఎంజైముల) కిట్‌తో, లాక్టేట్‌ని విడిగా కొలిచి, ప్రోటీన్‌తో భాగించండి. 25 మిల్లీమోలార్ గ్లూకోజ్ మీడియా వద్దు. కణాలు తిన్న కాస్తా అంత పెద్ద అంకెలో కనపడకుండా పోతుంది. 5.5 వాడండి. కణాలు లేని వెల్స్ (ప్లేటులోని గుంటలు) కూడా పెట్టండి, ఆవిరయ్యేది తీసేయాలిగా. నికోటిన్‌కి అరగంట ముందు, ఆ రిసెప్టర్లను అడ్డుకునే మెకమిలమైన్ 10 మైక్రోమోలార్ ఇచ్చిన గుంపు తప్పనిసరి. దానితోనూ ప్రభావం ఆగకపోతే అది ఆ రిసెప్టర్ల ద్వారా వచ్చింది కాకపోవచ్చు.

బ్రాడీపేట ఫార్మా:
మా దగ్గరున్నది నికోటిన్ టార్టరేట్ సాల్ట్, డైహైడ్రేట్. స్టాక్ 10 మిల్లీమోలార్, 10 మిల్లీలీటర్లు కావాలి.

కల్చర్ రూమ్:
49.8 మిల్లీగ్రాములు. అణుభారం 498.4 అండీ. శుద్ధ నికోటిన్ 162.2 అనుకుని 16.2 తూస్తే మూడో వంతే పడుతుంది. సాల్ట్ ఆమ్లం కాబట్టి పీహెచ్ 7.4కి సరిచేశాకే కణాలకు ఇవ్వండి. తూచేటప్పుడు గ్లవ్స్ తీయొద్దు, చర్మం గుండా లోపలికెళ్తుంది. తడిసిన పచ్చి పొగాకు కోసే కూలీలకు వాంతులు పట్టుకునేది అందుకే.