అప్‌డేట్: మా చిన్ను ఎందుకు చిక్కిపోతుందో తెలిసింది

మా నాలుగేళ్ల పొమేరేనియన్ కుక్క చిన్ను బాగానే తింటున్నా పక్కటెముకలు చేతికి తగులుతున్నాయని నెల క్రితం అడిగాను. చాలామంది తిండి పెంచమన్నారు. ఒక్కరు మాత్రం ముందు చిగుళ్లు చూడమన్నారు. చూస్తే గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. టెన్షన్‌తో మరునాడే మిర్యాలగూడ నుంచి నల్లగొండకు తీసుకుపోయాం.

డాక్టర్ గారు మలం, రక్తం రెండూ పరీక్ష చేయించారు. మలంలో కొంకిపురుగుల గుడ్లు ఉన్నాయి. ఆ పురుగులు పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి. ఇంత చిన్న ఒంట్లో ఉండేదే కొంచెం రక్తం, అందుకే ఇలాంటి చిన్న కుక్కలు త్వరగా నీరసిస్తాయట. ప్లేట్‌లెట్లు కూడా తక్కువే. ఎర్లీకియా అన్నారు, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం. చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు దాక్కున్నాయి. రోజూ ఒళ్లో కూర్చోబెట్టుకునే నేనే చూడలేదు, ఆ బాధ ఇంకా పోలేదు. షుగర్, కిడ్నీలు బాగానే ఉన్నాయి.

పురుగుల మందు ఒకసారి వేసి, మూడు వారాలకు మళ్లీ వేశారు. పిడుదుల జ్వరానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బరువును బట్టి 28 రోజులు రాశారు. ఖాళీ కడుపున ఇస్తే వాంతి చేసుకుంది, అన్నం తిన్నాక ఇస్తే ఇబ్బంది లేదు. మూడో రోజుకే హుషారు వచ్చింది కానీ కోర్సు మధ్యలో ఆపలేదు.

అప్పుడు 2.1 కిలోలు, నిన్న 2.6. దవడ పళ్లకు గార పట్టింది, రక్తం ఇంకాస్త పెరిగాక శుభ్రం చేస్తారు. చిగుళ్లు చూడమన్న అక్కా, మీకు చాలా థ్యాంక్స్.