పైబాల్డ్ ఎలుకని ‘బొల్లి ఎలుక’ అనొచ్చా?

ప్రశ్న (రాయగడ): ఎలుకల రంగుల జన్యువుల మీద పాఠం ఒకటి తెలుగులోకి తెస్తున్నాం. నుదుటి మీదా పొట్ట మీదా తెల్లమచ్చలున్న ఎలుకని ఇంగ్లీషులో పైబాల్డ్ అంటారు. మన వైపు మొహాన తెల్లమచ్చ ఉన్న ఆవు బొల్లావే కదా, బొల్లి ఎలుక అంటే సరిపోదా?

పర్లాకిమిడి: ఎలుకకైతే సరిపోతుంది మాస్టారూ. ఆ బాల్డ్ బట్టతల కాదు, పాత ఇంగ్లీషులో తెల్లమచ్చే. తంటా అంతా మనిషి దగ్గర. బొల్లి జబ్బులో రంగు కణాలు చర్మంలో ముందు ఉంటాయి, తర్వాత ఒంటి రక్షణ వ్యవస్థే వాటిని చంపుతుంది. మచ్చ పుట్టాక వస్తుంది, పాకుతుంది. పైబాల్డ్‌లో కణాలు అసలు చేరనే లేదు. పిండంలో అవి వెన్ను దగ్గర బయల్దేరి పక్కల మీదుగా దిగాలి. నుదురు, పొట్ట వాటికి ఆఖరి మజిలీ, అవే ఖాళీగా మిగులుతాయి. ఈ మచ్చ పుట్టుకతోనే ఉంటుంది.

సిరొంచ: బొల్లి జబ్బుకి మరాఠీలో వాడే ‘కోడ్’తోనూ ఇదే చిక్కు. పుట్టుతెలుపు అంటే?

పర్లాకిమిడి: ఆల్బినోదీ పుట్టుతెలుపేనండి. అక్కడ కణాలు చేరతాయి, టైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేయక రంగు తయారవదు. తేడా కళ్లలో చూడండి: ఆల్బినో ఎలుకవి ఎర్రన, పైబాల్డ్‌వి నల్లన. కంటి వెనక పొరలో రంగు కణాలు అక్కడే పుడతాయి, వలస రావు. ‘పుట్టుతెల్లమచ్చ’ అంటే రెండూ కలవవు. పుట్టుమచ్చ అనకండి, అది నల్లది.

రాయగడ: అయితే పైబాల్డ్ కనబడ్డ ప్రతిచోటా అదే పెట్టేస్తాం.

పర్లాకిమిడి: ఆగండి, అసలు గొయ్యి అక్కడే ఉంది. మనుషుల పైబాల్డ్‌కి జన్యువు కిట్. ఎలుకల్లో పైబాల్డ్ అనే పేరు ఎడ్నర్‌బీ జన్యువుది! కిట్ చెడిన ఎలుకకి పెట్టిన పేరు ‘డామినెంట్ వైట్ స్పాటింగ్’, గుర్తు డబ్ల్యూ. డబ్ల్యూ, కిట్ ఒకటేనని 1988లో తేలింది. కిట్ రక్తకణాలకీ కావాలి, అందుకే రెండు ప్రతులూ పూర్తిగా చెడ్డ పిల్లలు రక్తం లేక పుట్టేవేళకే పోతాయి. ఎడ్నర్‌బీ బాగా చెడితే ఒళ్లు దాదాపు తెల్లబడి పెద్దపేగు ఉబ్బుతుంది. పేగు నరాలూ ఆ వెన్ను దగ్గరి కణాల సంతతే. మనిషిలో దానికి జోడీ హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు. మాట ఒకటే కదా అని జతచేస్తే పేగు జబ్బు పోయి మనుషుల పైబాల్డ్ గురించిన నుదుటి తెల్లజుట్టు పేరాలో పడుతుంది.

సిరొంచ: ‘కల్లబొల్లి’లో బొల్లి ఇదేనా?

పర్లాకిమిడి: అది వేరే దారం కట్టండి. ఇక్కడ కలిపితే ఎలుక తప్పించుకుంటుంది.

రాయగడ: స్ప్లాచ్ అనే మరో తెల్లమచ్చల ఎలుకని ఏమనాలి?

పర్లాకిమిడి: అలాగే ఉంచి, పక్కన జన్యువు పేరు పాక్స్3 రాయండి. మనిషిలో అది చెడితే వచ్చేది వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ మొదటి రకం. చెవుడు కూడా ఉండొచ్చు కాబట్టి ‘మచ్చ’ అని తేల్చేయకండి.